మళ్లీ రాగలిగే చోటు

(తాగుడు, మత్తుమందుల జబ్బుకు ఊరి క్లినిక్కులో వైద్యం గురించి చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ స్మారక సభలో మాట్లాడమని సమితి వారు పిలిచినప్పుడు విషయం ఏమిటని నేను అడగలేదు. మన ఊరి క్లినిక్కు నడిపి, మనల్ని విడిచి వెళ్లిన డాక్టరుగారి పేరున మాట్లాడడమంటే ఆయన పట్టుదలగా చేసిన పని గురించి మాట్లాడడమే. పగలంతా జ్వరాలు, బీపీలు, షుగర్లు చూసేవారు. కూలీలు పని దిగే వేళకు అదే గదిలో తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం మళ్లీ కూర్చునేవారు. ఆ క్లినిక్కులో పడకలు లేవు. ఒక బల్ల, బీపీ మిషను, మాత్రల బీరువా, గోడ వారన బెంచీలు, వచ్చినవాళ్ల పిల్లల పేర్లు కూడా గుర్తుంచుకునే ఒక సిస్టరమ్మ. అక్కడ పని నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఆయన్ను పొగడడం నాకు తేలికే. కానీ ఆయన పని ఎందుకు సరైనదో, అది ఆయనతో ఎందుకు ఆగిపోకూడదో చెప్పడానికి ఈ గంట వాడుకుంటాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. తాగుడుకు, మత్తుకు లోబడినవాళ్లలో ఎక్కువమందికి వైద్యం ఇంటికి దగ్గర్లో, ఓపీలో జరగాలి. మళ్లీ తాగినా మొహం చెల్లక ఆగిపోకుండా తిరిగి రాగలిగే చోట జరగాలి. అటువంటి చోటు మన ఊళ్లలో దాదాపు లేదు. కట్టుకోవడం మన చేతిలోనే ఉంది.

ఎంతమందికి అందుతోంది

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువాళ్లలో మద్యం తాగేవాళ్లు దాదాపు 16 కోట్లు. వాళ్లలో తాగుడు వల్ల నష్టపోతూ సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లు. మానలేని స్థితికి చేరినవాళ్లే సుమారు మూడు కోట్లు. ఈ చివరి వరసలో ఉన్న 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. అంతకుముందు 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా, మద్యం జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 86 మందికి వైద్యం అందడం లేదని చెప్పింది.

మూడు కోట్లమందికి పడకలు వేయగల ఆస్పత్రులు ఏ దేశంలోనూ ఉండవు. అయినా మన ఆలోచన ఎప్పుడూ పడక చుట్టూనే తిరుగుతోంది. తాగుడు మాన్పించడమంటే ఎక్కడో దూరాన ఒక సెంటరులో నెల రోజులు పెట్టడం అనుకుంటాం. రోజు కూలీతో ఇల్లు గడిచేవాడు నెల రోజులు ఎలా వెళ్తాడు? ఆటో నడిపేవాడి ఫైనాన్సు కిస్తీ ఎవరు కడతారు? ఇంట్లో ఆడమనిషి తాగుతుంటే సంగతి ఇంకా కష్టం. ఆమె నెల రోజులు కనిపించకపోతే వాడంతా ఏం మాట్లాడుకుంటుందో మనకు తెలుసు. అందుకే ఎవరూ రారు. కామెర్లొచ్చాకో, రక్తం కక్కుకున్నాకో వస్తారు. అప్పటికి లివరు చాలావరకు పోయి ఉంటుంది.

ఆపేయడంలో ఉన్న ప్రమాదం

ఊరి క్లినిక్కు ఎందుకు కావాలో అర్థం కావాలంటే, తాగుడు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో ముందు తెలియాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుకు ఎదురు నిలబడడానికి అలవాటు పడిపోతుంది. మత్తు ఆగిపోయినా ఆ ఎదురు మాత్రం ఆగదు. ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి తెలివి తప్పి, లేని మనుషులు కనిపించి, ఎక్కడున్నదీ తెలియని స్థితి వస్తుంది. దానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూసేసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు చేరిన జనం మనకు గుర్తున్నారు. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు సంగతి ఇంతకంటే జటిలం. అందులో ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ కలిపేవారు. తర్వాత ఆల్ప్రాజొలామ్ వచ్చింది. తాగేవాడు కల్లు అనుకుంటాడు, అతని మెదడు మాత్రం నిద్రమాత్రకు అలవాటు పడుతుంది. ఎక్సైజు వాళ్లు దాడులు చేసి కల్లు దుకాణం మూయించగానే ఊరు ఊరంతా నిద్ర పట్టక, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆస్పత్రుల మీద పడుతుంది. కల్తీని ఆపాల్సిందే. కానీ దుకాణానికి తాళం వేసే రోజున పక్క ఊరి ఆస్పత్రిలో మందులు సిద్ధంగా ఉంచమని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఒక్క ఫోను చేయకపోతే ప్రాణాలు పోతాయి.

ఇంత ప్రమాదమైతే అందర్నీ ఆస్పత్రిలోనే చేర్చాలి కదా అని మీరు అడగొచ్చు. ఈ ప్రశ్నకు జవాబు 1989లోనే వచ్చింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల వైద్యకేంద్రం వాళ్లు, తేలిక నుంచి మధ్యస్థాయి వరకు లక్షణాలున్న 164 మంది మగవాళ్లను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపు ఆస్పత్రిలో చేరింది. రెండోది రోజూ ఇంటి నుంచి వచ్చి చూపించుకుని వెళ్లింది. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఖర్చులో మాత్రం దాదాపు పది రెట్ల తేడా ఉంది.

డాక్టరుగారు అదే పద్ధతి పాటించేవారు. ఎవర్ని ఇంటి దగ్గర చూడొచ్చు, ఎవర్ని పెద్దాస్పత్రికి పంపాలి అన్నదే మొదటి రోజు తేల్చాల్సిన విషయం. గతంలో ఫిట్స్ వచ్చినవాళ్లు, మాట తడబడి మతి తప్పుతున్నవాళ్లు, కామెర్లున్నవాళ్లు, రక్తం కక్కినవాళ్లు, చచ్చిపోతానంటున్నవాళ్లు, గర్భిణులు, బాగా ముసలివాళ్లు, మద్యంతోపాటు నిద్రమాత్రలు కూడా ఎక్కువగా వాడేవాళ్లు, ఇంట్లో చూసుకునే దిక్కు లేనివాళ్లు పెద్దాస్పత్రికే వెళ్లాలి. అలా రాసిచ్చి ఊరుకోకుండా ఆటో మాట్లాడి పంపేవారు. మిగిలినవాళ్లంతా, అంటే వచ్చినవాళ్లలో ఎక్కువమంది, రాత్రికి ఇంటికే వెళ్లేవారు.

ఓపీలో ఏం జరుగుతుంది

మొదటి రోజు పది ప్రశ్నలు అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే ప్రశ్నావళి అది. ఎన్నాళ్లకోసారి తాగుతారు, ఒక్కసారికి ఎంత, పొద్దున్నే పడకపోతే పని నడుస్తుందా, తాగాక జరిగింది మర్నాడు గుర్తుంటుందా, ఎవరైనా మానమన్నారా? మొత్తం 40 మార్కులు. 8కి చేరితే జాగ్రత్త పడాలి, 20కి చేరితే లోతుగా చూడాలి. ఆశా కార్యకర్త కూడా నేర్చుకుని అడగగల ప్రశ్నలివి.

తర్వాత వణుకు తగ్గడానికి క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ డైజిపామ్ గానీ ఇచ్చి, వారం రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. లివరు బాగాలేనివాళ్లకు లోరాజిపామ్. ఈ మాత్రలు ఒక్కసారే వారానికి సరిపడా చేతికివ్వకూడదు. వాటికే అలవాటు పడే ప్రమాదముంది. రోజు విడిచి రోజు వచ్చి చూపించుకుని తీసుకెళ్లాలి. భార్యో, అమ్మో, అన్నో వాటిని దగ్గర పెట్టుకుని వేళకు ఇవ్వాలి. కల్తీ కల్లు నుంచి బయటపడేవాళ్లకు వారం చాలదు, చాలా వారాల మీద మెల్లగా దించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పల్లెల్లో తాగి నీరసపడ్డ మనిషిని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లగానే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. తిండి తినకుండా తాగే మనిషి ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా సీసా మీద సీసా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, కళ్లు తిరిగి, నడక తూలి, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ముందు థయమిన్ ఇంజక్షన్, ఆ తర్వాతే గ్లూకోజు. ఏమంత ఖరీదు కాని ఈ ఇంజక్షన్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలని డాక్టరుగారు కనిపించిన ప్రతి అధికారికీ చెప్పేవారు.

వణుకు తగ్గింది, నిద్ర పడుతోంది, అన్నం సహిస్తోంది. చాలామంది ఇక్కడితో వైద్యం అయిపోయిందనుకుంటారు. అసలు వైద్యం ఇక్కడ మొదలవుతుంది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులున్నాయి. లివరు, కిడ్నీల పరిస్థితిని బట్టి ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టరు తేలుస్తారు. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుకు బ్యూప్రినార్ఫిన్ ఉంది. గుర్తింపు పొందిన కేంద్రంలో రోజూ కళ్ల ముందు వేయించే మాత్ర అది. గంజాయికి ప్రత్యేకంగా మందంటూ లేదు. ఆపిన మొదటి ఒకటి రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది. ఆ రోజులు దాటించడానికి మనిషి తోడు కావాలి. వైట్‌నర్ పీల్చే పిల్లల్ని కూడా మరవకూడదు. 2019 సర్వేలో పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువ శాతం మందిలో కనిపించిన మత్తు ఇలా పీల్చే పదార్థాలొక్కటే.

మాట్లాడే వైద్యం

డాక్టరుగారి గదికి ఒకసారి ఒక మేస్త్రీ వచ్చాడు. భార్య తీసుకొచ్చింది. తల దించుకుని కూర్చున్నాడు. ఎందుకు తాగుతున్నావు, సిగ్గు లేదా, పిల్లల మొహం చూడు లాంటి మాటలు వినడానికి సిద్ధపడి వచ్చాడు. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా అవే విన్నాడు. డాక్టరుగారు, “టీ తాగుతారా?” అన్నారు. తర్వాత పని గురించి అడిగారు. ఏ ఇళ్లు కట్టారు, శ్లాబు వేసే రోజు ఎలా ఉంటుంది, ఆ రోజు తాగితే పని నడుస్తుందా?

“శ్లాబు రోజు ముట్టను సార్. పైనుంచి పడితే ఇంకేముంది” అన్నాడు మేస్త్రీ.

“అయితే మానగలిగే రోజులు మీకూ ఉన్నాయన్నమాట” అన్నారు డాక్టరుగారు.

అప్పుడు తలెత్తాడు. మిగిలిన మాటలన్నీ అతనే మాట్లాడాడు.

ఈ తీరుకు ఒక శాస్త్రం ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో దీన్ని మొదటిసారి వివరించాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకంగా రాశాడు. మారాలనే కారణం మనం చెబితే అతను వాదిస్తాడు, అతని నోటి నుంచే వస్తే దాని మీద నిలబడతాడు. మందలింపు దొరకని ఇల్లు మన దేశంలో లేదు. మందలింపే మందయితే తాగుడు ఎప్పుడో పోయి ఉండేది.

ఈ పని డాక్టర్లే చేయాలని కూడా లేదు. గోవాలో సంగాత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్, అభిజిత్ నాడ్కర్ణి వంటి వైద్యుల ఆధ్వర్యంలో, వైద్య చదువు లేని స్థానికులకు కౌన్సెలింగులో శిక్షణ ఇచ్చింది. వాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. హానికరంగా తాగుతున్న మగవాళ్లతో గరిష్ఠంగా నాలుగుసార్లు మాట్లాడారు. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో మూడు నెలలకు ప్రమాదస్థాయి నుంచి బయటపడింది నూటికి 26 మంది. ఈ కౌన్సెలింగ్ కూడా అందినవాళ్లలో 36 మంది. గత రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్లు ఒక వైపు 18 శాతమైతే, ఈ వైపు 42 శాతం. ఇది మన దేశంలోనే, మనలాంటి ఆరోగ్య కేంద్రాల్లోనే జరిగింది. గోవాలో సాధ్యమైంది జనగామలో, కదిరిలో ఎందుకు సాధ్యం కాదు?

ఇంటివాళ్ల వంతు

ఓపీకి వచ్చే ఆడవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది: “అన్నంలో కలిపి పెట్టే మాత్ర ఉందట కదా సార్, అది రాసివ్వండి.” ఆ మాత్ర డైసల్ఫిరామ్. 1940ల చివర్లో డెన్మార్క్‌లో దాని గుణం బయటపడింది. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, ఇంటివాళ్ల చేతి మీదుగా రోజూ వేసుకునేవాడికి అది చాలా మంచి మందు. తెలియకుండా పెడితే మాత్రం విషంతో సమానం. ఏం జరుగుతోందో తెలియక మరో గ్లాసు తాగితే చనిపోవచ్చు. బతికితే ఆ ఇంట్లో ఇక ఎవరినీ నమ్మడు. నాటుమందు పేరుతో రహస్యంగా కలిపే పొడులకూ ఇదే వర్తిస్తుంది.

ఆ అడిగే ఆడమనిషిని తప్పుపట్టకూడదు. దారులన్నీ మూసుకుపోయాకే ఆమె అలా అడుగుతుంది. డాక్టరుగారు ఆమెకు వేరే కుర్చీ వేసి, ఆమె ఆరోగ్యం వేరే చీటీ మీద రాసేవారు. నిద్ర పడుతోందా, దెబ్బలున్నాయా, రాత్రి పూట ఎవరింటికైనా వెళ్లగలరా అని అడిగేవారు. భర్త తాగుడు మానకపోయినా ఈమెకు వైద్యం అందాలి. పేషెంటు రాకపోయినా ఇంటివాళ్లు ఒంటరిగా వచ్చి మాట్లాడుకునే హక్కు ప్రతి క్లినిక్కులో ఉండాలి.

మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లలో చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. రోజూ తాగేవాళ్లు కూడా ఆ మండలం పాటు చుక్క ముట్టరు. దీన్ని చూసి, “చూశారా, మానాలనుకుంటే మానగలడు, ఒళ్లు బలుపు” అంటాం. డాక్టరుగారు మరోలా చూసేవారు. ఆ 41 రోజులు అతనికి ఏమేం దొరుకుతున్నాయో లెక్కపెట్టమనేవారు. తెల్లవారుజామున లేవడానికి కారణం, రోజుకు రెండుసార్లు స్నానం, వేళకు భిక్ష, సాయంత్రం భజన, తాగమని అడగని నేస్తాలు, వీధిలో ఎదురైన ప్రతివాడి నుంచీ మర్యాద. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒక్కసారే పోతాయి. బెల్టు షాపు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

అందుకని ఆయన రెండు జాగ్రత్తలు తీసుకునేవారు. రోజూ తాగేవాళ్లు మాల వేసుకునే ముందే వచ్చి చూపించుకోవాలని గుళ్లో గురుస్వాములకు చెప్పి ఉంచేవారు. శబరిమల నుంచి దిగి మాల తీసే రోజే క్లినిక్కుకు రమ్మని చీటీ మీద తేదీ రాసిచ్చేవారు. మాల తీసినా సాయంత్రం కలిసే మనుషులు, వెళ్లే చోటు, మర్యాదగా పిలిచే తీరు మిగలాలన్నది ఆయన పట్టుదల. క్లినిక్కు వెనక వరండాలో వారం వారం కూర్చునే మానేసినవాళ్ల గుంపు అలా పుట్టిందే. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులతో మొదలైన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ కూడా ఇదే బలం మీద ఇన్నేళ్లుగా నడుస్తోంది.

అయినా కొందరు మళ్లీ తాగుతారు. బీపీ పేషెంటు మాత్రలు మానేసి మళ్లీ బీపీ పెంచుకుని వస్తే మనం తలుపు వేయం, మోతాదు సరిచూస్తాం. మత్తు జబ్బులో తిరగబెట్టేవాళ్ల శాతం బీపీ, ఆస్తమాల్లో కంటే ఎక్కువేమీ కాదని 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో మెక్లెలన్ బృందం చూపించింది. నెల రోజుల సెంటరులో ఉండి వచ్చి మళ్లీ తాగినవాడికి వెళ్లడానికి చోటు లేదు. కట్టిన డబ్బు పోయింది, పరువు పోయింది. ఓపీ క్లినిక్కు వాడికి అదే వీధిలో ఉంటుంది. మళ్లీ తాగిన రోజే మళ్లీ రాగలగడం ఈ జబ్బుకు ప్రాణాధారం. డాక్టరుగారి గదిలో దానికి ఒకే నియమం ఉండేది: మళ్లీ తాగి వచ్చినవాణ్ణి ముందు లోపలికి పంపాలి.

తాళాలు, చట్టాలు

కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో మనుషుల్ని రాత్రికి రాత్రి జీపులో ఎక్కించి తీసుకుపోయి, గదుల్లో పెట్టి, కొట్టి మాన్పిస్తారు. అటువంటి చోటు నుంచి పారిపోయి వచ్చినవాళ్ల వీపులు మేం చూశాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని మానసిక రుగ్మతల్లో చేర్చింది. అంటే ఈ పేషెంటుకు గౌరవంగా వైద్యం పొందే హక్కు ఉంది. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. మత్తుమందుల చట్టంలో కూడా 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, కొద్ది మొత్తం దొరికిన కేసులోనో ఇరుక్కున్న బాధితుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. గంజాయికి అలవాటు పడ్డ కొడుకును ఆస్పత్రికి తీసుకొస్తే పోలీసులు పట్టుకుపోతారని భయపడే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలి.

దూబగుంట తర్వాత మిగిలిన పని

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, రోసమ్మ ముందు నడవగా, సారా దుకాణాల మీదికి వెళ్లారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తల్లులు చేసిన పని ముందు నేను చేతులు జోడిస్తున్నాను. దుకాణం తగ్గాలి, బెల్టు షాపు పోవాలి. కానీ దుకాణం ఉన్నా, పోయినా, ఇంట్లో వణుకుతున్న మనిషికి వైద్యం కావాలి. నిషేధం పెట్టిన ప్రభుత్వాలూ, ఎత్తేసిన ప్రభుత్వాలూ ఆ వైద్యాన్ని ఊరి దాకా తీసుకురాలేదు.

ఈ సభ నుంచి నేను కోరేవి ఇవి. బస్తీ దవాఖానాలు, పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లోని విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో వారానికి ఒక సాయంత్రం, పని దిగినవాళ్లు రాగలిగే వేళలో, ఈ జబ్బుకు ఓపీ నడపాలి. ప్రతి కేంద్రంలో థయమిన్, వణుకు తగ్గించే మాత్రలు, కోరిక తగ్గించే మందులు ఉండాలి. సందేహం వస్తే జిల్లా మానసిక వైద్యుడు ఫోనులో దొరకాలి. స్థానికులకు, అందులోనూ తాగుడు మానేసినవాళ్లకు, కౌన్సెలింగులో శిక్షణ ఇచ్చి జీతం ఇవ్వాలి. ఎక్సైజు శాఖ దాడికి వెళ్లే ముందు ఆరోగ్య శాఖకు కబురు పెట్టాలి. మద్యం మీద ఖజానాకు వచ్చే ఆదాయంలో ఒక చిన్న పాలు దీనికి కేటాయిస్తే చాలు. ఎవరి తాగుడు వల్ల ఆ డబ్బు వచ్చిందో వాళ్ల వైద్యానికి అది తిరిగి వెళ్లడం న్యాయం.

ఇది వింటున్నవాళ్లలో మీకో, మీ ఇంట్లోవాళ్లకో సాయం కావాలనిపిస్తే మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లున్నాయి. రోజూ తాగేవాళ్లెవరూ ఈ ఉపన్యాసం విన్న ఉత్సాహంలో రేపటి నుంచే ఒంటరిగా ఆపేయకండి. ముందు డాక్టర్ని కలవండి.

డాక్టరుగారి గదిని మూయకూడదని, సాయంత్రం ఓపీని ఎవరో ఒకరం వంతులవారీగా నడపాలని ఆయన దగ్గర నేర్చుకున్న మేమంతా నిర్ణయించుకున్నాం. ఈ ఊళ్లోని డాక్టర్లను, నర్సులను, మానేసి నిలబడ్డ మిత్రులను, వారానికి ఒక గంట ఇవ్వగలిగిన ప్రతివాళ్లనూ ఆ పనికి రమ్మని పిలుస్తున్నాను. పేర్లు రాసుకునే పుస్తకం సమితి వారి బల్ల మీద ఉంది.